విజ్ఞానము - పొరుగువాడు

విజ్ఞానశాస్త్రము మంచిదా, చెడ్డదా యను ప్రశ్న తరచుగా వినబడుచుండును. దానికి లోకములో ఒక సిద్ధమైన సమాధానము కలదు. కత్తి కూరగాయలను తరుగును, కుత్తుకను కోయును. దోషము కత్తిది కాదు, పట్టిన చేతిది అని. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని నేటి యంత్రములకు ఈ పోలిక చాలదని మా అభిప్రాయము. కత్తి పట్టినవానికి ఎదుటివాని ముఖము కనబడును. నేటి మహాయంత్రములను కనుగొనువాడొకడు, నిర్మించువాడొకడు, ఆజ్ఞ యిచ్చువాడొకడు, మీట నొక్కువాడొకడు. ఫలమనుభవించువాడు ఎక్కడనో దూరదేశమున నుండు మరియొకడు. వీరిలో ఒకరి ముఖమొకరు చూచియుండరు. అట్టిచోట దోషము ఏ చేతిది?

క్రైస్తవులమైన మాకు ఈ ప్రశ్న మరింత సూటిగా తగులును. తన్ను తాను ప్రేమించుకొనునట్లే పొరుగువానిని ప్రేమింపవలెనని మా గురువు ఆజ్ఞ. పొరుగువాడెవడని ఒకడు అడిగినప్పుడు ఆయన నిర్వచనము చెప్పలేదు. ఒక కథ చెప్పెను. దొంగలచేత దెబ్బలు తిని దారిలో పడియున్న బాటసారిని యాజకుడొకడు చూచి ప్రక్కగా పోయెను; లేవీయుడును అట్లే పోయెను; పరజాతివాడని అందరును తృణీకరించు సమరయుడు మాత్రము దగ్గరకు వచ్చి గాయములు కట్టెను. ఆ కథలో ప్రధానమైన పని దగ్గరకు వచ్చుట. యంత్రవిద్య దూరమును జయించినదని మనము గర్వపడుచున్నాము. అది మనుష్యుని మనుష్యునికి దగ్గర చేసినదా, లేక దెబ్బతిన్నవానిని చూడకుండ ప్రక్కగా పోవుటకు సులభమైన దారి వేసినదా అనునది ఇప్పుడు విచారింపదలచినాము. ఊహలమీద వాదించుటకంటె ఒక మనుష్యుని జీవితమును ఎదుట పెట్టుకొని ఆలోచించుట మేలు. ఆ మనుష్యుడు జపాను దేశమునకు చెందిన వైద్యుడు, క్రైస్తవుడు, డాక్టరు తకాషి నగాయ్.

నగాయ్ జీవితము ఎక్స్‌రే కిరణములతో ముడిపడినది. కావున ముందుగా ఆ కిరణముల సంగతి రెండు మాటలలో చెప్పవలెను. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్జ్‌బర్గు నగరమున ఆచార్య రాంట్‌జెన్ ఈ కిరణములను కనుగొనెను. వానికి పేటెంటు తీసికొనుటకు ఆయన నిరాకరించెను. అవి లోకమంతటికి చెందవలెనని ఆయన కోరిక. కొద్ది నెలలలోనే వైద్యులు విరిగిన యెముకలను, శరీరములో దిగిన తుపాకిగుండ్లను ఆ వెలుగులో చూడజొచ్చిరి. అయితే కంటికి కనబడని ఆ కిరణము రోగిని చూపుచునే వైద్యుని మెల్లగా కాల్చుచుండెను. ఎడిసన్ సహాయకుడైన క్లారెన్స్ డాలీ ఆ కిరణములతో పనిచేసి చేతులు పోగొట్టుకొని 1904లో మరణించెను. అట్లు మరణించిన వైద్యులకు, శాస్త్రజ్ఞులకు, దాదులకు 1936లో జర్మనీలోని హాంబర్గు నగరమున ఒక ఆసుపత్రి తోటలో స్మారకశిల నిలిపిరి. దానిపై నూటికి పైగా పేర్లు చెక్కబడినవి. కొత్త శక్తి ఏదైనను ఎవరో ఒకరు మూల్యము చెల్లించకుండ లోకమునకు రాదు. ఆ మూల్యమును కనుగొన్నవాడే చెల్లించునా, ఏమియు ఎరుగని పరుల నెత్తిన పెట్టునా అనునది మొదటి ధర్మప్రశ్న.

నగాయ్ 1908లో జన్మించెను. 1928లో నాగసాకి వైద్యకళాశాలలో చేరినప్పుడు ఆయనకు దేవునియందు నమ్మకము లేదు. మనుష్యుడు పదార్థముల కూర్పు మాత్రమేనని నమ్మిన విద్యార్థి ఆయన. తల్లి మరణసమయమున తనవైపు చూచిన చూపు ఆ నమ్మకమును కదలించెను. తరువాత ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడైన పాస్కల్ రచనలు ఆయనను ఆలోచింపజేసినవి. చదువు ముగియు సమయమున వచ్చిన జబ్బువలన ఒక చెవి వినికిడి తగ్గినది. స్టెతస్కోపు పట్టుటకు పనికిరాని వైద్యుడు ఎక్స్‌రే శాఖకు పోయెను. 1934లో జ్ఞానస్నానము పొంది, ఆ సంవత్సరమే మిదొరి యను క్రైస్తవ యువతిని వివాహమాడెను.

మిదొరి వంశము ఉరకామి లోయకు చెందినది. ఆ లోయ కథ జపాను క్రైస్తవుల కథయే. 1597లో నాగసాకిలో ఇరువదియార్గురు క్రైస్తవులు సిలువ వేయబడిరి. 1614లో దేశమంతట ఆ మతము నిషేధింపబడినది. గురువులు లేక, దేవాలయములు లేక, రెండు వందల యేండ్లకు పైగా ఆ లోయలోని రైతులు రహస్యముగా తల్లి నోట బిడ్డ విని ప్రార్థనలను నిలుపుకొనిరి. 1865లో వారు తొలిసారి బయటపడిరి; ఆ తరువాత ప్రభుత్వము మూడు వేల మందికి పైగా స్త్రీపురుషులను దేశాంతరవాసమునకు పంపినది. అందులో ఆరు వందల మందికి పైగా తిరిగి రాలేదు. 1873లో నిషేధము తొలగిన పిమ్మట మిగిలినవారు వచ్చి, పైసా పైసా కూడబెట్టి, ముప్పది సంవత్సరములు శ్రమించి ఇటుకలతో ఒక గొప్ప దేవాలయమును కట్టుకొనిరి. మిదొరి పూర్వులు ఆ రహస్య క్రైస్తవులకు పెద్దలుగా నుండినవారు. నగాయ్ విద్యార్థిగా అద్దెకు దిగిన ఇల్లు వారిదే.

యుద్ధకాలమున జపానులో క్షయవ్యాధి ప్రబలినది. వేలకొలది జనులకు ఊపిరితిత్తుల పరీక్ష చేయవలసి వచ్చినది. ఎక్స్‌రే ఫిలిము దొరకలేదు. ఫిలిము లేనప్పుడు వైద్యుడే తెర యెదుట నిలిచి, రోగి ఛాయను కంటితో చూచి నిర్ణయింపవలెను. ఆ పద్ధతిలో ప్రతి రోగితో పాటు వైద్యుని శరీరముపై కిరణములు పడుచుండును. నగాయ్ అది ఎరుగనివాడు కాడు. ఎరిగియే దినదినము నిలిచెను. 1945 జూనులో తన రక్తమును తానే పరీక్షింపించుకొనగా ల్యుకీమియా యను రక్తవ్యాధి బయటపడినది. ఇక మూడేండ్లకు మించి బ్రతుకుట కష్టమని తోటి వైద్యులు చెప్పిరి. ఇంటికి వచ్చి భార్యతో చెప్పెను. ఆమె ధైర్యము చెప్పెను. తాను పోయినను పిల్లలిద్దరికి తల్లి యుండునని ఆయనకు ఊరట.

రెండు నెలలు గడచినవి. 1945 ఆగస్టు 9వ తేదీన అణుబాంబుతో బయలుదేరిన అమెరికా విమానమునకు నిర్ణయించిన లక్ష్యము నాగసాకి కాదు, కొకురా యను మరియొక నగరము. అక్కడ పొగయు మేఘములును కమ్మియుండుటచే మూడుసార్లు చుట్టు తిరిగి విమానము నాగసాకికి మరలినది. అక్కడను మేఘములే. మేఘముల సందున ఒక చోటు కనబడగానే బాంబు విడిచిరి. ఉద్దేశించిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల ఎడముగా, ఉరకామి లోయపైన, నేలకు 500 మీటర్ల ఎత్తున ఉదయము 11 గంటల 2 నిమిషములకు అది ప్రేలినది. అందులోని పదార్థము ప్లుటోనియము. ఆ సంవత్సరాంతమునకు నాగసాకిలో మరణించినవారు సుమారు 74,000 మందియని లెక్క. ఉరకామిలోని సుమారు 12,000 మంది కాథలిక్కులలో 8,500 మంది వరకు మరణించిరి. దేవాలయములో పాపసంకీర్తనము వినుచుండిన ఇద్దరు గురువులును, అక్కడ చేరిన విశ్వాసులును శిథిలములక్రింద సమసిపోయిరి. మూడు వందల యేండ్ల హింస చేయలేని పనిని ఒక్క క్షణము చేసినది. ఆ బాంబును పంపిన దేశము క్రైస్తవులు అధికముగా నున్న దేశమేయని మేము మరువలేము.

నగాయ్ ఆ సమయమున విస్ఫోటకేంద్రమునకు 700 మీటర్ల దూరమున ఆసుపత్రిలో నుండెను. పగిలిన గాజుముక్కలు తగిలి కణతవద్ద రక్తనాళము తెగినది. కట్టు కట్టించుకొని, మిగిలిన వైద్యులతోను దాదులతోను కలిసి, మంటలనుండి రోగులను కొండవైపు మోయించెను. ఆ కళాశాలలో ఆచార్యులు, విద్యార్థులు, సిబ్బంది కలిసి ఎనిమిది వందలకు పైగా చనిపోయిరి. మూడవ దినమున ఆయన ఇంటికి పోగలిగెను. ఇల్లున్నచోట బూడిద, వంటగదియున్న తావున కొన్ని యెముకలు, వాని ప్రక్కన కరిగి ముద్దయైన జపమాల. ఆ యెముకలను ఒక బొక్కెనలో చేర్చుకొని తీసికొనిపోయెను. పిల్లలు కొండ యవతల అమ్మమ్మ యొద్ద నుండి బ్రతికిరి. పోవునని అనుకొన్నవాడు మిగిలెను, మిగులుననుకొన్న తల్లి పోయెను.

ఆ దినములలోని ఒక సంగతి శాస్త్రజ్ఞుని మనస్సును చక్కగా చూపును. విమానములు జార్చిన కరపత్రమొకటి దాది తెచ్చి నగాయ్ చేతికిచ్చెను. ఆ బాంబు అణుబాంబని అప్పుడు తెలిసినది. ఓడిపోయిన దేశపు వైద్యులు, ఒడలినిండ గాయములతో, గుహవంటి ఆశ్రయమున కూర్చుండి, పరమాణువును ఎవరు ఎట్లు ఛేదించియుందురని చర్చింపసాగిరి. ఒకవైపు దుఃఖము, ఒకవైపు ఇంత గొప్ప సత్యమును మనుష్యబుద్ధి సాధించెనే యను ఆశ్చర్యము. తన గ్రంథమున నగాయ్ దీనిని దాచలేదు. ఇది మాకు చాల విలువైన సాక్ష్యము. జ్ఞానతృష్ణ పాపము కాదు. సృష్టిలోని రహస్యమును చూచి విస్మయపడుట ప్రార్థనకు దూరమైనది కాదు. కాని ఆ విస్మయమునకు ప్రక్కనే చచ్చుచున్న రోగులు పడియుండిరి. ఆ వైద్యులు చర్చ ముగించి లేచి, కొండపల్లెలో చికిత్సాకేంద్రమును నెలకొల్పి, రెండు నెలలు ఇల్లిల్లు తిరిగి రోగులను చూచిరి. తాము చూచిన లక్షణములను వ్రాసి పెట్టిరి.

ఇప్పుడు ఈ కథలో అన్నింటికంటె కష్టమైన ఘట్టమునకు వచ్చినాము. 1945 నవంబరు 23వ తేదీన, కూలిన దేవాలయము ముంగిట, మృతుల కొరకు జరిగిన ఆరాధనలో విశ్వాసుల పక్షమున నగాయ్ ప్రసంగించెను. మేఘములు అడ్డుపడి బాంబు ఉరకామి మీద పడుట యాదృచ్ఛికము కాదనెను. యుద్ధ పాపమునకు ప్రాయశ్చిత్తముగా దేవుడు ఈ నిర్దోషమైన మందను దహనబలిగా ఎన్నుకొనెననెను. యుద్ధము ముగిసినట్లు చక్రవర్తి ప్రకటించిన ఆగస్టు 15వ తేది మరియమాత మోక్షారోపణ పండుగ యని గుర్తు చేసెను. బిడ్డలను పోగొట్టుకొని, ఇది మన పాపములకు శిక్షయేమోయని కుమిలిపోవుచున్న జనులకు ఆ మాటలు గొప్ప ఓదార్పునిచ్చినవి. ఆయన తన భార్య యెముకలను తానే ఏరుకొనినవాడు. ఆయన మాటను తేలికగా త్రోసివేయుటకు మాకు అధికారము లేదు.

అయినను ఆ మాటను అంతటితో అంగీకరింపజాలము. జపానులోనే అనేకులు, క్రైస్తవులు సహితము, తరువాతి కాలమున దానిని విమర్శించిరి. బాంబు దైవసంకల్పమైనచో దానిని వేసినవారు దైవసంకల్పమును నెరవేర్చినవారగుదురు. యుద్ధమును తెచ్చినవారును, బాంబును చేసినవారును, ఆజ్ఞ యిచ్చినవారును ఉత్తరము చెప్పనక్కరలేకపోవును. దుఃఖితుడు తన దుఃఖమునకు అర్థము వెదకుకొనుట ఒకటి. లోకము ఆ అర్థమును తన చేతులు కడుగుకొనుటకు నీళ్లుగా వాడుకొనుట మరియొకటి. బలియైనవాడు తన మరణమును దేవునికి అర్పించుకొనవచ్చును. బలియిచ్చినవాడు ఆ మాటను ఎత్తికొనరాదు.

1981 ఫిబ్రవరిలో రెండవ జాన్ పాల్ పోపు హిరోషిమాకు వచ్చినప్పుడు ఈ విషయమును తేటగా చెప్పెను. యుద్ధము మనుష్యుని పని యని ఆయన ప్రకటించెను. దేవుని పని కాదు, విధి చేసినది కాదు, మనుష్యుడు చేసినది. అంతవరకు బాంబు దెబ్బను దైవశిక్షగా మౌనముగా భరించుచుండిన నాగసాకి క్రైస్తవులలో అనేకులకు ఆ మాట నోరు తెరచుటకు ధైర్యమునిచ్చినది. మనుష్యుడు చేసినది గనుకనే దానిని గూర్చి మనుష్యుని అడుగవచ్చును. మనుష్యుడు చేసినది గనుకనే దానిని మనుష్యుడు మానవచ్చును.

మరి అడుగవలసినది ఎవరిని? శాస్త్రజ్ఞులందరు ఒక్కటే మాదిరిగా నుండలేదు. 1945 జూనులో షికాగోలోని శాస్త్రజ్ఞులు కొందరు, నోబెల్ బహుమానము పొందిన జేమ్స్ ఫ్రాంక్ అధ్యక్షతన, ముందుగా హెచ్చరిక లేకుండ బాంబును జపానుపై వేయరాదనియు, నిర్జన ప్రదేశమున దాని శక్తిని లోకమునకు చూపుట మేలనియు ప్రభుత్వమునకు నివేదిక పంపిరి. జూలైలో లియో సిలార్డ్ వ్రాసిన విన్నపముపై సుమారు డెబ్బది మంది చేవ్రాలు చేసిరి. ఆ మాటలు చెల్లలేదు. అంతకుముందే, జర్మనీ అణుబాంబును చేయుట లేదని తెలిసిన వెంటనే, 1944 చివర ఒక శాస్త్రజ్ఞుడు ఆ పనిని విడిచి ఇంగ్లాండునకు వెళ్లిపోయెను. ఆయన జోసెఫ్ రాట్‌బ్లాట్. తరువాత తన భౌతికశాస్త్రమును వైద్యమునకు వినియోగించి, 1957లో ఆరంభమైన పగ్‌వాష్ సమావేశములకు ప్రాణమై, 1995లో శాంతి బహుమానము పొందెను. ఆయన క్రైస్తవుడు కాడు, యూదుడు. సమరయుని కథ చదువుకొన్న మాకు ఇందులో ఆశ్చర్యము లేదు. పొరుగువాడు ఎప్పుడును మనము ఎదురుచూడని దిక్కునుండియే వచ్చును.

మావారి సంగతియు చెప్పవలెను. ఆ విమానదళము బయలుదేరిన టినియన్ దీవిలో జార్జి జబెల్కా యను కాథలిక్ గురువు సైనికులకు ఆత్మోపదేశకుడుగా నుండెను. పట్టణములపై బాంబులు కురియుచున్న దినములలో, సామాన్యజనులను చంపుట పాపమని తాను ఒక్క ఉపదేశమునను చెప్పలేదని ఆయన చాలకాలము తరువాత బహిరంగముగా ఒప్పుకొని, మిగిలిన జీవితమును శాంతికొరకు వినియోగించెను. శాస్త్రజ్ఞుని ప్రశ్నించుటకు ముందు ధర్మోపదేశకుడు తన్ను ప్రశ్నించుకొనవలెను. ప్రయోగశాలలో లోపించిన మనస్సాక్షి కంటె ప్రార్థనామందిరములో లోపించిన మనస్సాక్షి ఎక్కువ ప్రమాదకరము.

నగాయ్ ఆ తరువాత ఆరు సంవత్సరములు మాత్రమే జీవించెను. 1946 నుండి మంచము పట్టెను. రెండు చాపలు పరచుటకు సరిపోవు ఒక చిన్న గుడిసెలో, పరుండియే పుస్తకములు వ్రాసి, ఆ సంపాదనలో చాల భాగమును ఉరకామి పునర్నిర్మాణమునకు, పిల్లల గ్రంథాలయమునకు, బూడిదయైన నేలపై నాటిన వేయి చెర్రీ మొక్కలకు వెచ్చించెను. ఆయన ప్రసిద్ధ గ్రంథము నాగసాకి గంటలను గూర్చినది. శిథిలములనుండి త్రవ్వి తీసిన దేవాలయపు గంటను 1945 క్రిస్మసు ముందటి రాత్రి తిరిగి మ్రోగించిరి. దానినిబట్టి ఆ పేరు. ఆ గ్రంథమును అచ్చువేయుటకు అమెరికా సైనికాధికారులు చాలకాలము అనుమతి నీయలేదు. చివరకు మనీలాలో జపాను సైన్యము చేసిన ఘోరముల వృత్తాంతమును దానికి జతచేయవలెనను షరతుపై 1949లో అది వెలువడినది. ఒకరి ఘోరమును మరియొకరి ఘోరముతో తూచి సరిపెట్టుకొనుట రాజ్యములకు అలవాటు. చచ్చినవాని పక్షమున చూచిన యెడల మనీలాయు నాగసాకియు రెండును మనుష్యుని చేతిపనులే. ఒకటి రెండవదానిని తుడిచివేయదు.

ఆ గుడిసెకు నగాయ్ పెట్టుకొన్న పేరు న్యొకొదొ. తనవలె అని దాని అర్థము. తన్నువలెనే పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞలోని మాట అది. దహనబలిని గూర్చిన ఆయన వ్యాఖ్యానముతో మేము ఏకీభవింపలేకపోయినను, ఈ యింటి పేరులో మా ప్రశ్నకు ఉత్తరమున్నదని తోచుచున్నది. 1951 మే 1వ తేదీన, నలుబది మూడవ యేట ఆయన మరణించెను. తన శరీరమును రోగపరిశీలన కొరకు కళాశాలకు అప్పగించెను.

శ్రోతలు ఒక్క క్షణము రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒకటి నగాయ్ పరీక్షాగది. చీకటిలో తెర, తెర వెనుక రోగి, రోగికి మూరెడు దూరమున వైద్యుడు. కిరణము ఇద్దరిమీదను పడుచున్నది. రెండవది విమానములోని గురిచూచు అద్దము. క్రింద తొమ్మిది కిలోమీటర్ల లోతున మేఘము. మేఘములో చిన్న సందు. ఆ సందున ఒక ఊరి ఛాయ. చూచువానిపై ఏ కిరణమును పడదు. రెండింటిలోను భౌతికశాస్త్రమే. ఎక్స్‌రేలను కనుగొనిన మరుసటి సంవత్సరమే రేడియో ధార్మికత తెలియవచ్చినది. ఆ దారియే పరమాణువును ఛేదించుటకు నడిపించినది. భేదమేమనగా, ఒకచోట శక్తిని వాడువాడు దాని ఫలమునకు లోబడి పొరుగువాని ప్రక్కన నిలిచినాడు. రెండవచోట శక్తి ఎంత పెద్దదైనదో పొరుగువాడు అంత చిన్నవాడై చివరకు కనబడకుండ పోయినాడు.

నేడు ఆ దూరము మరింత పెరిగినది. చిత్రములను, సంఖ్యలను చూచి లక్ష్యములను సూచించు గణనయంత్రములు యుద్ధరంగమున ప్రవేశించినవి. కృత్రిమ మేధ అని వానిని పిలుచుచున్నాము. వైద్యశాలలో ఎక్స్‌రే చిత్రములను పరిశీలించుటకును ఆ విద్యయే ఉపకరించుచున్నది. నగాయ్ కన్నులు చేసిన పనిలో కొంత నేడు యంత్రము చేయగలదు. ఆయన ప్రాణమును తీసిన ప్రమాదము వైద్యునికి తప్పినది. ఇది సంతోషింపదగిన సంగతి. కాని మనుష్యుని చంపవలెనా వద్దా యను నిర్ణయమును యంత్రమునకు విడుచుట వేరు మాట. 2024 జూనులో ఇటలీలో జరిగిన ఏడు దేశముల శిఖరాగ్ర సమావేశమున ఫ్రాన్సిస్ పోపు ఏ యంత్రమును ఎన్నడును మనుష్యప్రాణమును తీయుటకు నిర్ణయింపరాదని కోరెను. మొన్న దేవుని పేరు చెప్పి తప్పించుకొన్న బాధ్యతను రేపు యంత్రము పేరు చెప్పి తప్పించుకొనజూతుమేమోయని మా భయము. దేవుడు చేసెనన్నను, యంత్రము చేసెనన్నను, నేను చేయలేదనుటయే అందలి భావము.

మా వృత్తిని విడిచి ఇతరులనే తప్పుపట్టుట న్యాయము కాదు. రేడియోయు యంత్రమే. మేము ఈ గదిలో మైకు యెదుట మాటలాడుచున్నాము. వినువారి ముఖములు మాకు కనబడవు. వరదలలో చిక్కిన ఊరికి హెచ్చరిక చేర్చునది ఇదే. 1994లో రువాండా దేశమున ఒక ప్రయివేటు రేడియో కేంద్రము తమ పొరుగువారినే పురుగులని దూషించి, చంపవలసినవారి పేర్లను, వారు దాగియున్న చోట్లను ప్రకటించినది. ఏప్రిల్ నుండి జూలై వరకు నూరు దినములలో సుమారు ఎనిమిది లక్షలమంది హతులైరి. ఆ దేశమున అధికసంఖ్యాకులు క్రైస్తవులు. శరణుజొచ్చిన దేవాలయములలోనే అనేకులు చంపబడిరి. 2003లో ఒక అంతర్జాతీయ నేరవిచారణ న్యాయస్థానము ఆ కేంద్రపు నిర్వాహకులను శిక్షించినది. వారిపై మోపిన నేరములలో ప్రసారమైన మాటలును చేరినవి. కనబడని శ్రోతకు చేరు ప్రతి మాటకు పలికినవాడు ఉత్తరవాదియని ఆ తీర్పు చెప్పుచున్నది. దానిని వినవలసినవారిలో మేము మొదటివారము.

ఇట్లనుటవలన విజ్ఞానమునకు భయపడి వెనుకకు పోవలెనని మా ఉద్దేశము కాదు. యజమాని యిచ్చిన తలాంతును నేలలో పూడ్చిపెట్టిన సేవకుని మా గురువు మెచ్చలేదు. ఇచ్చినది వాడుమనెను, తిరిగి వచ్చినప్పుడు లెక్క అడుగుదుననెను. వాడుకయు, లెక్కయు రెండును ఆ కథలో నున్నవి. పరమాణుశక్తి మనకు దూరపు సంగతి కాదు. విద్యుత్కేంద్రములకు కావలసిన అణు ఇంధనమును తయారుచేయు సంస్థ 1971 నుండి హైదరాబాదులోనే ఉన్నది. మన పట్టణములలోని ఆసుపత్రులలో కాన్సరు రోగులకు కిరణచికిత్స జరుగుచున్నది. నాగసాకిని కాల్చిన జ్ఞానమునకు బంధువైన జ్ఞానమే మన యింటి దీపమును వెలిగించుచు, మన తల్లి రోగమును తగ్గించుచున్నది. కావున ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులకు మాత్రమే చెందినదని ప్రక్కకు పోవుటకు మనకెవరికిని వీలులేదు.

కొత్త శక్తి ఏదైనను మన ముంగిటికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుట క్రైస్తవునికే కాదు, ఎవరికైనను ధర్మమని మాకు తోచుచున్నది. దీనివలన మేలు పొందువాడెవడు, మూల్యము చెల్లించువాడెవడు, వారిద్దరును ఒక్కరేనా? దీనిని వాడుచున్న వానికి ఎదుటి మనుష్యుని ముఖము కనబడుచున్నదా? కీడు జరిగిననాడు, ఇది నేను చేసితినని చెప్పుటకు ఒక మనుష్యుడు నిలబడునా? ఈ మూడింటికి సమాధానము లేని యంత్రము ఎంత అద్భుతమైనదైనను దానిని ఇంకను ఆపి యుంచుటయే వివేకము.

2019 నవంబరు 24వ తేదీన నాగసాకికి, హిరోషిమాకు వచ్చిన ఫ్రాన్సిస్ పోపు అణ్వస్త్రములను వాడుట మాత్రమే కాదు, కలిగియుండుటయు అధర్మమేయని ప్రకటించెను. అణ్వస్త్ర నిషేధ ఒడంబడిక 2021 జనవరి 22న అమలులోకి వచ్చినది. ఆ అస్త్రములు గల దేశము ఒక్కటియు అందు చేరలేదు. మన దేశమును చేరలేదు. రక్షణ కొరకని అందరును చెప్పుదురు. ఆ వాదమును తేలికగా త్రోయుటకు వీలులేదని మేమెరుగుదుము. అయినను 2024లో నోబెల్ శాంతి బహుమానమును పొందినవారు ఏ ప్రభుత్వాధినేతలును కారు. హిరోషిమా, నాగసాకి బాంబులనుండి బ్రతికి బయటపడినవారి సంఘమునకు అది లభించినది. వృద్ధులైన ఆ స్త్రీపురుషులు చేసిన పని చాల చిన్నది. కాలిన తమ ఒడలిని లోకమునకు చూపుచు, ఇది మీరు చూడవలెనని దశాబ్దముల తరబడి ఊరూరు తిరిగి చెప్పిరి. మేఘము మరుగుపరచిన ముఖమును మరల మన యెదుట నిలిపిరి. దానిని చూచి ప్రక్కగా పోవుటయో, దగ్గరకు పోవుటయో మన చేతిలో నున్నది.